సోలార్ రెడీ ఇల్లే.. మరి ఆ వైర్లు ఎక్కడ? అబిడ్స్, నాంపల్లి బిల్డింగుల్లో దాగిన పైపును ఇలా పట్టుకోండి

ఫ్లాట్ అమ్మేటప్పుడు బ్రోచర్‌లో ఎక్కడో ఒక మూల ‘సోలార్ ప్రొవిజన్ ఉంది’ అని ఒక లైన్ ఉంటుంది. కొన్నవాళ్లు చూసి సంతోషిస్తారు, ఆ తర్వాత మర్చిపోతారు. నాలుగైదేళ్లు గడిచాక ఎండాకాలం కరెంటు బిల్లు చూసి ‘ఇక ప్యానెళ్లు పెట్టించాల్సిందే’ అనుకుని వెండర్‌ను పిలిస్తే, టెర్రస్ మీదకు వెళ్లగానే అతను అడిగే మొదటి ప్రశ్న.. ‘వైరు ఎక్కడి నుంచి దింపాలి సార్?’ బిల్డర్ పైపు వేశాడని ఇంటాయనకు లీలగా గుర్తు. ఎటు వేశాడో, ఎక్కడ తేలిందో మాత్రం ఎవరికీ తెలియదు. అప్పటి ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబర్ ఎప్పుడో మారిపోయింది.

ఈ సమస్య ఏ ఊళ్లోనైనా ఉండేదే. కానీ అబిడ్స్, నాంపల్లి లాంటి చోట్ల దీని బరువు వేరు. ఇక్కడ బిల్డింగులు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన కాపురాలు. మీటర్ బోర్డు గ్రౌండ్ ఫ్లోర్‌లో మెట్ల కింద ఉంటుంది. ఐదో అంతస్తు టెర్రస్ నుంచి అక్కడికి వైరు దింపాలంటే 20 నుంచి 30 మీటర్లు పడుతుంది. బయటి గోడ మీదుగా కొత్త పైపు వేద్దామంటే అప్పటికే అక్కడ కేబుల్ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు, ఏసీ పైపులు, షాపు బోర్డులు నిండిపోయి ఉంటాయి. లోపలి నుంచి వేద్దామంటే స్లాబుకు రంధ్రం పెట్టాలి. స్లాబు కొట్టాక వానాకాలంలో నీళ్లు దిగితే పై ఫ్లాట్ వాళ్లతో పంచాయితీ. అంటే బిల్డర్ ముందే వేసిన ఆ ఒక్క పైపు దొరికితే బోలెడంత పని, గొడవ రెండూ తప్పుతాయి.

అయితే దొరికింది కదా అని అందులో కనిపించిన వైరును నేరుగా ప్యానెళ్లకు తగిలిస్తే మాత్రం కొత్త ప్రమాదం మొదలవుతుంది. అసలు ఆ ‘ప్రొవిజన్’లో ఏముంటుంది, ఎక్కడ వెతకాలి, దొరికాక ఎలా పరీక్షించాలి? చూద్దాం.

బిల్డర్ వదిలిపెట్టేది ఏంటి?

చాలామంది అనుకునేది, లోపల వైర్లన్నీ సిద్ధంగా ఉంటాయి, ప్యానెల్ తెచ్చి ప్లగ్ పెట్టడమే అని. అంత అదృష్టం తక్కువ మందికే. ఎక్కువ బిల్డింగుల్లో ఉండేది ఖాళీ పీవీసీ పైపు మాత్రమే. టెర్రస్ మీద ఒక చివర, మీటర్ల దగ్గర ఇంకో చివర. కాస్త బుద్ధిమంతుడైన ఎలక్ట్రీషియన్ అయితే అందులో ఒక జీఐ తీగ కూడా వేసి వదులుతాడు, రేపు వైరు లాగడానికి. ఇంకొన్ని చోట్ల మామూలు ఇంటి వైరే రెండు రంగుల్లో లాగి పైన టేపు చుట్టి వదిలేస్తారు. అసలైన సోలార్ డీసీ కేబుల్ వేసి, పైన జంక్షన్ బాక్స్, కింద స్విచ్చు బిగించి లేబుల్ అంటించిన బిల్డింగులు పెద్ద ప్రాజెక్టుల్లో కనిపిస్తాయి గానీ ఈ ఏరియాల్లోని మూడు, నాలుగంతస్తుల కట్టడాల్లో అరుదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్‌లో పదిహేనేళ్ల కిందటి బిల్డర్ ‘సోలార్’ అన్నాడంటే చాలాసార్లు అతని ఉద్దేశం కరెంటు కాదు, వేడినీళ్లు! అప్పట్లో అపార్ట్‌మెంట్లలో సోలార్ వాటర్ హీటర్ పెద్ద ఆకర్షణ. టెర్రస్ నుంచి బాత్రూంలకు దిగే రెండు నీళ్ల పైపులు, ట్యాంకులోని హీటింగ్ కాయిల్ కోసం ఒక 16 ఆంపియర్ల పాయింటు.. ఇదే ఆ ‘సోలార్ ప్రొవిజన్’. ఆ పాయింటుకు వచ్చే వైరు కింద మెయిన్స్ నుంచి పైకి వచ్చే మామూలు ఏసీ కరెంటు వైరు. దాన్ని ప్యానెళ్ల వైరు అనుకుని ముట్టుకుంటే 230 వోల్టుల షాక్ ఖాయం. కాబట్టి బ్రోచర్‌ను బయటికి తీసి అందులో ‘సోలార్ పవర్’ అని ఉందా, ‘సోలార్ వాటర్’ అని ఉందా ముందు చూసుకోవాలి.

ఇక అబిడ్స్‌లోని పాత కట్టడాల సంగతి పూర్తిగా వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం వల్ల ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చిందంటారు. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. ఇంత పాత బస్తీల్లో చెక్క పట్టీల మీద పరిచిన వైర్లు, కిట్‌క్యాట్ ఫ్యూజులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో సోలార్ పైపు కోసం వెతకడం దండగ. అక్కడ ముందు జరగాల్సింది ఇంటి వైరింగ్ మార్చడం, ఎర్తింగ్ బాగు చేయించడం. సోలార్ ఆ తర్వాతి మాట.

ఎక్కడ వెతకాలి? పై నుంచా, కింద నుంచా?

పై నుంచి మొదలుపెట్టడమే మంచిది. టెర్రస్ మీద పైపు తేలే చోట్లు కొన్నే ఉంటాయి. అన్నిటికంటే ముందు మెట్ల గది బయటి గోడ చూడాలి. కింది నుంచి మెట్ల పక్కనే డక్ట్ వస్తుంది కాబట్టి ఎలక్ట్రీషియన్‌కు అదే సులువు దారి. తర్వాత లిఫ్ట్ మెషిన్ రూం గోడ, ఓవర్‌హెడ్ ట్యాంకు దిమ్మె, పిట్టగోడ లోపలి వైపు. పైపు చివర గొడుగు పిడిలా వంచి కిందికి తిప్పి ఉంటే, అది వాన నీళ్లు దిగకుండా వైరు కోసం వేసిందని గుర్తు. చాలాసార్లు ఆ చివర సిమెంటు పూసేసి ఉంటుంది, లేదా వాటర్‌ప్రూఫింగ్ చేసినప్పుడు పైన కెమికల్ కోటింగ్ వేసి కప్పేసి ఉంటారు. గోడ మీద గుండ్రంగా ఉబ్బిన మచ్చ కనిపిస్తే చేత్తో తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది.

కింద వెతకాల్సింది మీటర్ బోర్డు చుట్టుపక్కల. మీటర్ల ప్యానెల్‌లో వైరు లేని ఖాళీ గడి, ఎక్కడికీ కలవకుండా మూత పెట్టిన పైపు నోరు, పక్కనే గోడకు బిగించిన ఖాళీ బాక్స్.. ఇవి ఆనవాళ్లు. లేబుల్ ఉంటే ఇంకేం కావాలి. ‘ఎస్‌పీవీ’, ‘పీవీ’, ‘డీసీడీబీ’, ‘ఏసీడీబీ’ లాంటి అక్షరాల్లో ఏది కనిపించినా అది సోలార్‌దే. ఫ్లాట్ లోపలి డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఒక ఎంసీబీ ఎప్పుడూ ఆఫ్‌లో ఉండి, దాన్ని ఆన్ చేసినా ఇంట్లో ఏ మార్పూ లేకపోతే దాని మీదా ఓ కన్నేయాలి. కానీ అలా ఆన్ చేసి చూసే ముందు దాని రెండో చివర టెర్రస్ మీద ఎవరి చేతిలోనూ లేదని ఖాయం చేసుకోవాలి.

బిల్డర్ ఇచ్చిన ఎలక్ట్రికల్ డ్రాయింగ్ అసోసియేషన్ దగ్గర ఉంటే సగం పని అయిపోయినట్టే. అందులో గీసినదానికీ గోడలో వేసినదానికీ పోలిక ఉండాలని లేదు, అది వేరే విషయం. కమర్షియల్ కాంప్లెక్సుల్లో మాత్రం డ్రాయింగ్ తప్పకుండా అడగాలి. 2017 నాటి ఈసీబీసీ, అంటే వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్, పైకప్పులో కొంత భాగాన్ని నీడ లేకుండా, అడ్డాలు లేకుండా సోలార్ కోసం ఉంచాలని చెబుతోంది. ఆ స్థలం డ్రాయింగ్‌లో ఎక్కడ చూపించారో పైపు దాని దగ్గరలోనే తేలాలి.

పై చివర, కింది చివర రెండూ దొరికాయి.. కానీ అవి ఒకే పైపువేనా? డిష్ టీవీ పైపు, ట్యాంకు మోటారు వైరు పైపు, ఫ్లోట్ స్విచ్ పైపు, ఇంటర్‌కమ్ పైపు అన్నీ అదే డక్ట్‌లో దిగుతాయి. ఇది తేల్చుకోవడానికి ఎలక్ట్రీషియన్లు వాడేది పొడవాటి స్ప్రింగ్ వైరు. పై నుంచి నెడితే కింద తేలాలి. మధ్యలో ఆగిపోతే అక్కడ వంపు ఉంది, లేదా సిమెంటు పాలు గడ్డకట్టాయి, లేదా ఎలుకలు గూడు పెట్టాయి. పైపులో ఇప్పటికే వైరు ఉంటే టోన్ ట్రేసర్ అనే చిన్న పరికరం పనికొస్తుంది. ఒక చివర దాన్ని తగిలిస్తే వైరులో సన్నని సిగ్నల్ వెళ్తుంది. రెండో పరికరాన్ని గోడ మీద నడిపించుకుంటూ వెళ్తే వైరు ఉన్న చోట కూత వినిపిస్తుంది. గోడ పగలగొట్టకుండానే దారి తెలిసిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలో ఇలాంటి పరికరాలు, మల్టీమీటర్లు దొరుకుతాయి. పైపులు, వైర్లు, బాక్సులైతే పక్కనే ట్రూప్ బజార్ ఉండనే ఉంది. ఒక్కటి మర్చిపోవద్దు, కరెంటు పారుతున్న వైరుకు ట్రేసర్ తగిలించకూడదు.

పైపు దొరికితే లాభం.. వైరు దొరికితే అనుమానం

పైపు దొరికింది, అందులో ఎర్ర వైరు, నల్ల వైరు కూడా ఉన్నాయి. ఇంటాయన ముఖం వెలిగిపోతుంది. నిజానికి జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే.

మొదట వైరు మీద ఉన్న అచ్చు చదవాలి. సోలార్ డీసీ కేబుల్ అయితే దాని మీద ‘ఐఎస్ 17293’ అనో, ‘ఈఎన్ 50618’ అనో, ‘1500 వోల్ట్ డీసీ’ అనో ఉంటుంది. సైజు సాధారణంగా 4 ఎస్‌క్యూ ఎంఎం, కొన్నిసార్లు 6. లోపలి రాగి తీగలు వెండిలా మెరుస్తుంటాయి, తగరం పూత ఉంటుంది కాబట్టి. పైన రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది. ఎండకు, వేడికి తట్టుకోవడానికే ఇదంతా. ఇవేవీ లేకుండా ‘1100 వోల్ట్స్’ అని మాత్రమే ఉంటే అది గోడ లోపల వాడే మామూలు ఇంటి వైరు. మే నెల ఎండలో టెర్రస్ మీద దాని పై తొడుగు కొన్నేళ్లకే పెళుసుబారి పగులుతుంది.

సైజు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే మూడు కిలోవాట్లు దాటుతుంది. ఒకదాని వెనుక ఒకటి సిరీస్‌లో కలిపితే పనిచేసేటప్పుడు దాదాపు 245 వోల్టులు, 13 ఆంపియర్లు వస్తాయి. టెర్రస్ నుంచి కిందికి 30 మీటర్లంటే, పోనూ రానూ 60 మీటర్ల వైరు. 4 ఎస్‌క్యూ ఎంఎం కేబుల్‌లో ఇంత దూరానికి పోయేది సుమారు 4 వోల్టులు. అంటే రెండు శాతంలోపే. పర్వాలేదు. అదే పైపులో 2.5 వైరు ఉంటే ఆరు వోల్టుల దాకా పోతుంది. నష్టం మరీ పెద్దది కాకపోవచ్చు, కానీ ఆ మేరకు వైరు ఎక్కువ వేడెక్కుతుంది. పైగా ఒకే పైపులో ఇరుక్కుని ఉంటుంది. 1.5 వైరు ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు, లాగి పారేయడమే.

సరిగ్గా ఇదే గందరగోళం అమెరికాలోనూ నడుస్తోంది, ఇళ్లలో కాదు బళ్లలో. పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో కొక్కేనికి తగిలించి లాగే పెద్ద ఇల్లు లాంటి ట్రైలర్‌ను అక్కడ ‘ఫిఫ్త్ వీల్’ అంటారు. సెలవుల్లో వాటిలో తిరిగేవాళ్లకు కంపెనీలు ‘సోలార్ ప్రెప్’ అనే మాట చెప్పి అమ్ముతుంటాయి. కొన్నాక చూస్తే పైకప్పు మీద చిన్న మూత కింద రెండు వైర్లు. వాటి రెండో చివర ఎక్కడుందో మాన్యువల్‌లో ఉండదు. కొన్ని బళ్లలో బ్యాటరీ పెట్టే అర దగ్గర తేలుతుంది, కొన్నిట్లో ముందు వైపు సామాను గది గోడ వెనుక చుట్ట చుట్టి ఉంటుంది. పక్క గోడకు ఉండే ‘సోలార్’ సాకెట్ సంగతి ఇంకా తమాషా. ఒక కంపెనీ సాకెట్‌లో ప్లస్ ఉన్న చోట ఇంకో కంపెనీది మైనస్. చూసుకోకుండా వేరే బ్రాండ్ ప్యానెల్ తగిలిస్తే ఉల్టా కనెక్షన్. చాలా బళ్లలో ఆ సాకెట్ నేరుగా బ్యాటరీకే వెళ్తుంది, మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ ఉండదు.

బండికీ బిల్డింగుకూ తేడా ఒక్కటే, వోల్టేజీ. బండిలో 12 వోల్టుల బ్యాటరీ. దాని కోసం 18 వోల్టులిచ్చే చిన్న ప్యానెళ్లను పక్కపక్కన కలిపి 400 వాట్లు చేస్తే 22 ఆంపియర్లు పారాలి. పైకప్పు నుంచి బ్యాటరీకి పది మీటర్లే అనుకున్నా, అక్కడ సాధారణంగా వేసే 5 ఎస్‌క్యూ ఎంఎం వైరులో ఒకటిన్నర వోల్టు పోతుంది. 18లో ఒకటిన్నర అంటే ఎనిమిది శాతం! అందుకే అక్కడ లావు వైరు కోసం కొట్టుకుంటారు. ఇక్కడ బిల్డింగులో నష్టం తక్కువ, కానీ వోల్టేజీ ప్రాణాలు తీసేంత ఉంటుంది. బండి వీడియోలు చూసి డాబా మీద ప్రయోగాలు చేయకూడదనడానికి కారణం ఇదే.

9 వోల్టుల బ్యాటరీతో తేలిపోయే నిజం

దొరికిన వైరు తెగలేదని, ప్లస్ మైనస్‌లు తారుమారు కాలేదని తెలుసుకోవడానికి ఎలక్ట్రీషియన్లకు తెలిసిన ఓ తేలికైన దారి ఉంది. అయితే ముందు రెండు చివరలూ దేనికీ కలిసి లేవని, వాటిలో ఏసీ గానీ డీసీ గానీ లేదని మల్టీమీటర్‌తో చూసుకోవాలి. తర్వాత పైన ఎర్ర వైరుకు 9 వోల్టుల చిన్న బ్యాటరీ ప్లస్, నల్ల వైరుకు మైనస్ తగిలిస్తారు. కింద మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి ఎర్ర ప్రోబ్ ఎర్ర వైరుకు ఆనిస్తే 9 దగ్గర చూపించాలి. మైనస్ 9 చూపిస్తే మధ్యలో ఎక్కడో జాయింట్ వేశారు, రంగులు మారిపోయాయి. ఏమీ చూపించకపోతే వైరు తెగింది, లేదా మీరు పట్టుకున్నది వేరే వైరు. రెండు నిమిషాల పని ఇది.

మధ్యలో జాయింట్ ఉందని తేలితే ఆ వైరును నమ్మకపోవడమే మంచిది. పైపు లోపల టేపు చుట్టిన జాయింట్ కాలం గడిచేకొద్దీ వదులవుతుంది, వేడెక్కుతుంది.

రెండో పరీక్ష మెగ్గర్. వైరు తొడుగు లోపల ఎక్కడైనా కోసుకుపోయిందా, తడిసిందా అన్నది మల్టీమీటర్ చెప్పలేదు. మెగ్గర్ 500 వోల్టుల డీసీ పంపి ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. ఇంటి స్థాయి సోలార్‌కు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. బాగున్న వైరుకు అంతకంటే చాలా ఎక్కువే వస్తుంది. సరిగ్గా ఒకటి దగ్గర ఊగిసలాడుతుంటే పాసయిందని సంబరపడొద్దు. వానాకాలంలో పైపులోకి నీళ్లు దిగితే అది ఫెయిలవుతుంది. ఇది ఇంటి యజమాని చేసే పని కాదు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. వచ్చిన అంకెను కాగితం మీద రాయించుకోవాలి.

ఇంత తతంగం చేసేకంటే పాత వైరును లాగేసి, దాని చివరకే కొత్త కేబుల్ కట్టి అదే పైపులోంచి దింపడం చాలా ఇళ్లలో మేలు. పోయేది 60 మీటర్ల కేబుల్ ఖర్చే. లక్షలు పెట్టి పాతికేళ్లు ఉంటాయని ప్యానెళ్లు కొంటూ, ఎవరు ఎప్పుడు వేశారో తెలియని వైరు మీద నడిపించడం బేరం కాదు. బిల్డర్ ఇచ్చిన అసలు ఆస్తి ఆ పైపే.

మెయిన్ ఆఫ్ చేసినా ఆగని కరెంటు

ఇంటి కరెంటుతో చిన్నప్పటి నుంచి అలవాటైన నమ్మకం ఒకటుంది.. మెయిన్ ఆఫ్ చేస్తే అంతా ఆగిపోతుందని. సోలార్ డీసీ వైరుకు ఈ సూత్రం పనిచేయదు. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది. ఆరు ప్యానెళ్ల వరుస ఏ లోడూ లేనప్పుడు 300 వోల్టుల దగ్గర ఉంటుంది. చలికాలం పొద్దున ఇంకాస్త ఎక్కువే. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను దీని దగ్గర నమ్మకూడదు. అది ఏసీ ఫేజ్ చూడటానికి చేసింది. వైరును తాకకుండానే కూత పెట్టే పెన్ టెస్టర్ అయితే డీసీని అస్సలు పసిగట్టదు. లైటు వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకుని ముట్టుకుంటే అంతే సంగతులు.

ఇంకో తేడా మంట విషయంలో. మన ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది. అందుకే స్విచ్చు తీసినప్పుడు వచ్చే నిప్పురవ్వ వెంటనే ఆరిపోతుంది. డీసీ సున్నాకు రాదు. వదులైన జాయింట్‌లో ఒకసారి ఆర్క్ మొదలైతే అది వెల్డింగ్ మంటలా నిలిచిపోవచ్చు. ఏసీ ఎంసీబీని డీసీ వైపు బిగించడం ఈ కారణంగానే ప్రమాదం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, దాని మీద డీసీ వోల్టేజీ రేటింగ్ రాసి ఉందా లేదా చూడాల్సిందే. ముందే వేసిన వైరింగ్‌లో కింద ఒక ఎంసీబీ కూడా బిగించి ఉంటే ఈ అనుమానం తప్పక రావాలి.

నాంపల్లిలో ఈ మాటకు బరువెక్కువ. 2023 నవంబర్ 13న బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ చేసిన కెమికల్స్ అంటుకుని, పొగ పైకి కమ్మేసి పై అంతస్తుల్లోని కుటుంబాల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. దానికీ సోలార్‌కూ సంబంధం లేదు. కానీ ఈ ఏరియాల్లో పార్కింగ్, మెట్ల కింది స్థలం గోడౌన్లుగా మారిపోవడం అందరికీ తెలిసిందే. టెర్రస్ నుంచి దిగే డీసీ పైపు సరిగ్గా అక్కడికే వస్తుంది. అట్టపెట్టెల పక్కన, పెయింటు డబ్బాల పక్కన ఇన్వర్టర్ బిగించడం ఎంతవరకు సబబు?

అందుకే ఇలాంటి బిల్డింగుల్లో ఇన్వర్టర్‌ను పైనే, మెట్ల గది నీడలో పెట్టడం మేలు. అప్పుడు డీసీ వైరు టెర్రస్ మీదే నాలుగైదు మీటర్లలో ముగుస్తుంది. బిల్డర్ వేసిన పైపులోంచి కిందికి వచ్చేది మామూలు ఏసీ కేబుల్. కింద ఆఫ్ చేస్తే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది కాబట్టి ఆ పైపులో కరెంటు ఉండదు. ఎండ నేరుగా తగలకుండా, గాలి ఆడేలా ఉంటే చాలు. డీసీ ఐసోలేటర్ టెర్రస్ మీదే, కంటికి కనిపించేలా ఉండాలి. ఫైర్ సిబ్బంది వస్తే వాళ్లు వెతికేది దాన్నే.

ప్రొవిజన్‌లో దాదాపు ఎప్పుడూ ఉండనిది ఎర్తింగ్. ప్యానెళ్ల ఫ్రేములకు, ఇన్వర్టర్ ఏసీ వైపుకు, పిడుగు నుంచి కాపాడే కడ్డీకి విడివిడిగా ఎర్త్ గుంతలు కావాలి. కాంక్రీటుతో నిండిపోయిన ఇరుకు ఆవరణల్లో ఆ జాగా చూసుకోవడం పైపు వెతకడం కంటే కష్టమైన పని. వెండర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

పైపు ఉంది సరే.. డాబా ఎవరిది?

సొంత ఇల్లయితే ఈ ప్రశ్నే లేదు. అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ అందరిదీ. ఒక కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగులు కావాలి. పై ఫ్లాట్ ఆయన తలుపు తీస్తే టెర్రస్ కనిపిస్తుంది కాబట్టి అది ఆయనది అయిపోదు. అసోసియేషన్ తీర్మానం రాయించుకోకుండా మొదలుపెడితే, పైపు తెరిచిన రోజే పని ఆగిపోతుంది. అద్దెకున్నవాళ్లు, కింద షాపులు నడిపేవాళ్లు ఓనర్ సంతకం లేకుండా వైరును తాకకపోవడమే మంచిది.

సబ్సిడీ లెక్క చూస్తే.. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్య ఘర్ పథకంలో ఇళ్లకు మొదటి రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు లేదా అంతకు మించితే మొత్తంగా 78,000 రూపాయలు వస్తాయి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి అవసరాలకు హౌసింగ్ సొసైటీ పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000. అపార్ట్‌మెంట్‌లో బిల్డర్ వేసిన ఒక్క పైపు తేలేది సాధారణంగా కామన్ మీటర్ దగ్గరే కాబట్టి, చాలా బిల్డింగులకు ఈ రెండోదే సూటిగా సరిపోతుంది. అప్లికేషన్ నేషనల్ పోర్టల్‌లో పెట్టాలి, నెట్ మీటర్ టీజీఎస్‌పీడీసీఎల్ బిగిస్తుంది. పని గుర్తింపు పొందిన వెండరే చేయాలి, ప్యానెళ్లు దేశీయ సెల్స్‌తో తయారైనవి కావాలి. పైపు ఉంది కదా, ఊళ్లో ఎలక్ట్రీషియన్‌తో చవగ్గా పెట్టించేసి తర్వాత సబ్సిడీ అడుగుదాం అంటే కుదరదు.

కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ పనిచేస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అయితే చేయదు. లైన్‌లో కరెంటు పోగానే అది ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా. ఇంట్లో ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్‌కు, దీనికి వైర్లు ఎవరికి వారు కలిపేసుకోకూడదు.

ఇప్పట్లో ప్యానెళ్లు పెట్టే ఆలోచన లేకపోయినా, పైపు దొరికిన రోజే ఒక పని చేయొచ్చు. రెండు చివర్లా మూతలు బిగించి, లోపల కొత్త జీఐ తీగ వేసి, పక్కన గోడ మీద పెయింటుతో రాయించాలి. సోలార్ పైపు, పొడవు ఇన్ని మీటర్లు, రెండో చివర ఫలానా చోట, చూసిన తేదీ ఇది. పైన రాసిందే కింద కూడా. దాని ఫొటో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో, ఒక ప్రింటు మీటర్ బోర్డు తలుపు లోపలి వైపు అంటిస్తే, వచ్చే ఏడాది ఎలక్ట్రీషియన్ మారినా వెతుకులాట మళ్లీ మొదటికి రాదు.